ప్రశ్న–జవాబు: వేడెక్కిన ద్రవం, లొంగని సమీకరణాలు

గత సంచికలో అడుగున వేడి తగిలితే ద్రవం ఎందుకు కదులుతుందో అర పేజీలో రాశాం. దానికి వంటింటి నుంచి పీహెచ్‌డీ దాకా అన్ని రకాల ప్రశ్నలూ వచ్చాయి, అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేశాం. వీలైనంత వరకు మాటల్లోనే చెబుతాను, ఒకటి రెండు చోట్ల లెక్క తప్పదు.

ప్రశ్న: మూకుడులో నూనె పోసి స్టవ్ మీద పెడితే కాసేపు ఏ కదలికా ఉండదు. తర్వాత గీతలు గీతలుగా, గళ్లు గళ్లుగా కదలడం కనిపిస్తుంది. మంట మొదటి నుంచీ తగులుతూనే ఉంది కదా, మరి కదలిక ఎందుకు ఆలస్యం?
– గృహిణి, తెనాలి

జవాబు: వేడెక్కిన నూనె వ్యాకోచించి తేలికవుతుంది, తేలికైంది కాబట్టి పైకి పోవాలని చూస్తుంది, ఇంతవరకు అందరికీ తెలిసిందే. కానీ దాన్ని రెండు విషయాలు వెనక్కి లాగుతాయండీ. ఒకటి జిగట, పుస్తకాల్లో స్నిగ్ధత అని రాస్తారు. రెండోదాన్ని చాలామంది మర్చిపోతారు. పైకి బయల్దేరిన వెచ్చటి నూనె దారిలోనే తన వేడిని చుట్టూ ఉన్న చల్లటి నూనెకు ఇచ్చేస్తుంది, వేడి పోతే తేలికదనమూ పోతుంది, ఇక పైకెళ్లడానికి కారణమే మిగలదు. ఈ రెండింటినీ దాటగలిగినంత తేడా అడుగుకూ పైభాగానికీ మధ్య వచ్చేదాకా ద్రవం కదలదు, వేడి మాత్రం కడ్డీలో పాకినట్టు నెమ్మదిగా పైకి పాకుతుంది.

దీన్ని లెక్కగట్టింది ఇంగ్లండ్‌కు చెందిన లార్డ్ రేలీ, 1916లో. పొర మందం ఘనాన్ని, అడుగుకీ పైకీ ఉన్న ఉష్ణోగ్రత తేడాతో, వ్యాకోచ గుణకంతో, గురుత్వ త్వరణంతో గుణించండి. వచ్చినదాన్ని స్నిగ్ధతతో, వేడి ఎంత త్వరగా పాకుతుందో చెప్పే గుణకంతో భాగించండి. ఇప్పుడు దాన్నే రేలీ సంఖ్య అంటున్నాం. పైనా కిందా గట్టి పలకలుంటే ఈ సంఖ్య సుమారు 1708 దాటగానే కదలిక మొదలవుతుంది. రేలీ తన లెక్కలో పలకల దగ్గర ద్రవం జారిపోగలదని అనుకున్నాడు కాబట్టి అతనికి 657 చిల్లర వచ్చింది. గట్టి పలకల లెక్కను తర్వాతివాళ్లు తేల్చారు.

మందం ఘనం అన్న చోటే ఉంది కిటుకంతా. మామూలు గది వేడి దగ్గరున్న నీటిని 5 మిల్లీమీటర్ల పొరగా రెండు పలకల మధ్య పెడితే, ఒక్క డిగ్రీ తేడాకే రేలీ సంఖ్య 1800 దాకా వస్తుంది, అంటే సరిగ్గా గడప మీద ఉన్నట్టు. అదే పొర 1 మిల్లీమీటరైతే ఒక డిగ్రీకి వచ్చేది 14 మాత్రమే, ఆ లెక్కన నూరు డిగ్రీల తేడా పెట్టినా కదలదు. 5 సెంటీమీటర్లయితే ఒక డిగ్రీకే 18 లక్షలు.

మీ స్టవ్ విషయంలో ఒక సవరణ ఉంది. మంట మధ్యలో ఎక్కువగా, అంచుల్లో తక్కువగా తగులుతుంది కాబట్టి మీ మూకుడులో నూనె మొదటి నుంచీ సన్నగా కదులుతూనే ఉంటుంది, కంటికి ఆనదంతే. ఖచ్చితమైన గడప ఉండేది అడుగంతా ఒకే వేడి ఉన్నప్పుడే.

ఇందులో నాకు బాగా నచ్చేది వేరే ఉంది. రేలీ ఆ ద్రవం ఎలా కదులుతుందో కనుక్కోలేదు, ద్రవం కదలికను చెప్పే సమీకరణాలను పూర్తిగా సాధించడం అప్పుడూ కుదరలేదు, ఇప్పుడూ కుదరదు. కదలకుండా ఉన్న స్థితికి చిన్న కుదుపు ఇస్తే ఆ కుదుపు పెరుగుతుందా, చచ్చిపోతుందా అని మాత్రమే అడిగాడు. మరి చిన్న కుదుపు కాకుండా గరిటె పెట్టి బలంగా తిప్పేస్తే? దానికి జవాబు రావడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. 1965లో డేనియల్ జోసెఫ్ అనే అమెరికన్ ఈ సమీకరణాల్లో కదలిక శక్తినీ ఉష్ణోగ్రత తేడా శక్తినీ కలిపి లెక్కగట్టి, గడప కింద ఉన్నంతకాలం ఎంత బలంగా తిప్పినా చివరికి ద్రవం నిలబడిపోవాల్సిందేనని నిరూపించాడు. గొట్టంలో పారే నీళ్లకు ఇలాంటి భరోసా లేదు. అక్కడ చిన్న కుదుపుకు నిలబడ్డ ప్రవాహం కాస్త గట్టి కుదుపుకు చెదిరి సుడులు తిరుగుతుంది.

ప్రశ్న: పిల్లలకు సంవహనం (వేడెక్కిన ద్రవం కదిలి వేడిని మోసుకెళ్లడం) చెప్పేటప్పుడు ఒక పుస్తకంలో "బెనార్ గళ్లు" బొమ్మ చూపించి, కింది ద్రవం తేలికవడం వల్ల ఈ ఆరుకోణాల గళ్లు ఏర్పడతాయి అని రాశారు. ఇంకోచోట తలతన్యత (ద్రవం పైతలంలో ఉండే బిగువు) వల్ల అన్నారు. ఏది చెప్పాలి?
– ఫిజికల్ సైన్స్ టీచర్, నల్లగొండ

జవాబు: ఆ బొమ్మకైతే తలతన్యతే, మాస్టారూ. ఆన్రీ బెనార్ 1900 ప్రాంతంలో పారిస్‌లో ఈ ప్రయోగాలు చేసినప్పుడు వాడింది తిమింగలం తల నుంచి తీసే ఒక మైనం. దాన్ని కరిగించి ఒక మిల్లీమీటరు మందాన పరిచి, పైన మూత లేకుండా వదిలాడు. అంత పలుచటి పొరలో రేలీ గడప దాటడం జరగని పని అని పైన చూశాం. రేలీ మాత్రం బెనార్ గళ్లను వివరించాలనే తన లెక్క చేశాడు. 1956లో బ్లాక్ అనే ఆయన ప్రయోగంతోనూ, 1958లో పియర్సన్ లెక్కతోనూ తేల్చింది ఏమిటంటే, పైతలం మీద వేడి ఎక్కువున్న చోట తలతన్యత తగ్గి, చల్లగా ఉన్న వైపుకు ద్రవం లాగబడుతుంది, ఆ లాగుడే ఆ గళ్లను కడుతుంది. ఏ గళ్ల కోసం ఆ సిద్ధాంతం పుట్టిందో వాటికే అది వర్తించలేదు, కానీ మూతపెట్టిన ద్రవానికి అక్షరాలా సరిపోయింది. అక్కడ మామూలుగా కనిపించేవి పక్కపక్కనే పేర్చిన పొడవాటి చుట్టల్లాంటి ప్రవాహాలు. క్లాసులో రెండూ చెప్పండి, పిల్లలకు ఇలాంటి కథలే గుర్తుంటాయి.

ప్రశ్న: నేను ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ కూలింగ్ మీద పనిచేస్తాను. సాఫ్ట్‌వేర్‌లో "బూసినెస్క్" అని ఒక ఆప్షన్ ఉంటుంది, టిక్ పెట్టి రన్ చేస్తే రంగురంగుల బొమ్మ వచ్చేస్తుంది. గణితజ్ఞులు మాత్రం ఇదే సమీకరణాలకు సాధన ఉందా లేదా అని దశాబ్దాలుగా కొట్టుకుంటున్నారట. ఉంది కాబట్టే కదా నాకు బొమ్మ వచ్చింది? ఇది టైమ్ వేస్ట్ కాదా?
– మెకానికల్ ఇంజినీర్, పుణే

జవాబు: కాదు. ముందు ఆ టిక్ సంగతి చూద్దాం, ఎందుకంటే మీ ఉత్తరం చూస్తే అది ఏం చేస్తుందో చూడకుండానే పెడుతున్నట్టుంది.

ఒబర్‌బెక్ 1879లో, బూసినెస్క్ 1903లో చెప్పిన ఉపాయం అది. ద్రవం సాంద్రత అన్నిచోట్లా, అన్నివేళలా ఒకటే అనుకోండి, గురుత్వాకర్షణతో గుణించే ఒక్క చోట మాత్రం అది ఉష్ణోగ్రతతో మారుతుందని ఒప్పుకోండి. నీళ్లలో 10 డిగ్రీల తేడాకు సాంద్రత మారేది సుమారు 0.2 శాతం. మిగతా చోట్ల దాన్ని పట్టించుకోకపోతే పోయేదేమీ లేదు, కానీ ద్రవాన్ని కదిలించేది మాత్రం ఆ 0.2 శాతమే, అక్కడ తీసేస్తే కదలికే ఉండదు. ఇలా చేస్తే మూడు సమీకరణాలు మిగులుతాయి. ద్రవం నలగదు, అంటే నొక్కినా ఘనపరిమాణం మారదు అనేది ఒకటి, నేవియర్–స్టోక్స్ వారి బలాల లెక్క ఒకటి, ఉష్ణోగ్రత ప్రవాహంతోపాటు కొట్టుకుపోతూ మెల్లగా విస్తరిస్తుందనేది ఇంకొకటి. చిక్కంతా ఎక్కడంటే ఉష్ణోగ్రత వేగాన్ని మారుస్తుంది, వేగం ఉష్ణోగ్రతను మోసుకెళ్తుంది, ఒకదాన్ని తేల్చి రెండోదానికి పోదామంటే కుదరదు. మీ నూనెలో 60 డిగ్రీల తేడాకు సాంద్రత దాదాపు 4 శాతం మారుతుంది, అది ఇంకా పర్వాలేదు. కానీ అదే తేడాకు స్నిగ్ధత కొన్ని రెట్లు పడిపోతుంది, దాన్ని స్థిరం అని పెట్టి వదిలేస్తే మీ బొమ్మ నాకు నమ్మబుద్ధి కాదు.

ఇప్పుడు "బొమ్మ వచ్చింది కాబట్టి సాధన ఉంది" అన్న మాట. కంప్యూటర్ మీ ట్యాంకును గళ్లుగా కోసి, ఒక్కో గడికి కొన్ని అంకెలు పెట్టి కూడికలు తీసివేతలు చేస్తుంది. దానికి ఎప్పుడూ ఏదో ఒక జవాబు వస్తుంది, అసలు సమీకరణానికి సాధన ఉన్నా లేకపోయినా వస్తుంది. గళ్లు చిన్నవి చేసుకుంటూ పోతే ఆ జవాబు దేనికైనా దగ్గరవుతోందా అన్నది వేరే ప్రశ్న. ప్రవాహం రెండు దిశల్లోనే ఉందనుకుంటే దీనికి నిరూపణ ఉంది, సాధన ఒకటే ఉంటుంది, ఎప్పటికీ నునుపుగానే ఉంటుంది. మూడు దిశల్లో మాత్రం లేదు. జాన్ లెరే 1934లో నేవియర్–స్టోక్స్‌కు ఒక బలహీనమైన అర్థంలో సాధన ఉందని చూపించాడు, అది ఒక్కటేనా, ఎక్కడైనా వేగం అనంతానికి పేలిపోతుందా అన్నవి ఇంకా తేలలేదు. 2000లో క్లే ఇన్‌స్టిట్యూట్ పది లక్షల డాలర్లు పెట్టింది ఈ పేలుడు ప్రశ్న మీదే. ఉష్ణోగ్రత అంతటా ఒకటే అని పెడితే మన సమీకరణాలు నేవియర్–స్టోక్స్‌గా మారిపోతాయి కాబట్టి, వేడి కలిపితే సమస్య తేలికయ్యే ప్రసక్తే లేదు.

సాధన చేతికి రానప్పుడు గణిత విశ్లేషకులు చేసే పని, పొలంలో ఏం పండుతుందో చెప్పలేకపోయినా గట్లు ఎక్కడున్నాయో చెప్పడం. ఆ గట్లు మీకు నేరుగా పనికొస్తాయి. ఒకటి: ద్రవం లోపల ఎక్కడా, ఎప్పుడూ, అడుగు పలక కన్నా వేడిగానీ పై పలక కన్నా చల్లదనంగానీ కొత్తగా పుట్టదు. లోపల వేరే వేడి మూలం లేనంతవరకు ఇది నిరూపితం. మీ హీటింగ్ ప్లేట్ 90 డిగ్రీలు ఉండగా బొమ్మలో ఏ మూలైనా 92 కనిపించిందంటే అది ద్రవం చేసింది కాదు, మీ గళ్లు చేసిన తప్పు. ట్రాన్స్‌ఫార్మర్‌లో వైండింగే వేడి మూలం, దాని ఉపరితలాన్ని మీ వేడి పలకగా తీసుకోండి. రెండు: చాలాసేపటి సగటు తీస్తే, జిగట వల్ల ద్రవం పోగొట్టుకునే శక్తికీ కింద నుంచి పైకి చేరే వేడికీ మధ్య ఖచ్చితమైన సమానత్వం ఉంది. రెండు వైపులా విడివిడిగా లెక్కేసి చూడండి, పొంతన లేకపోతే గళ్లు ఇంకా సన్నగా కోయాలి. ఈ రెండు పరీక్షలకూ సాధన తెలియనక్కర్లేదు.

అసలు పెద్ద ప్రశ్న ఏమిటంటే, రేలీ సంఖ్య పెరిగేకొద్దీ పైకి చేరే వేడి ఎంతగా పెరుగుతుంది? కదలిక లేకుండా చేరే వేడితో పోలిస్తే ఎన్ని రెట్లు చేరింది అన్నదాన్ని నుసెల్ట్ సంఖ్య అంటారని మీకు నేను చెప్పక్కర్లేదు. మాల్కస్ 1954లో అది రేలీ సంఖ్యకు 1/3 ఘాతంగా పెరుగుతుందన్నాడు. క్రాయిక్‌నాన్ 1962లో, బాగా పెద్ద రేలీ సంఖ్యల దగ్గర దాదాపు 1/2 ఘాతం రావాలన్నాడు. ఇద్దరివీ భౌతిక వాదనలే, నిరూపణలు కావు. 1/3కీ 1/2కీ ఏముందిలే తేడా అనుకోకండి. నక్షత్రాల లోపల రేలీ సంఖ్య 10 పవర్ 20, అంతకు మించి ఉంటుంది. అక్కడ ముందుండే స్థిరాంకాలు పక్కన పెడితే ఈ రెండు జవాబుల మధ్య తేడా రెండు వేల రెట్లకు పైనే.

1996లో డోరింగ్, కాన్‌స్టాంటిన్ ఇద్దరూ కలిసి సమీకరణాల నుంచే నేరుగా, ఏ ఊహా కలపకుండా, నుసెల్ట్ సంఖ్య 1/2 ఘాతం కన్నా వేగంగా పెరగడం సాధ్యం కాదని నిరూపించారు. స్థిరాంకంతో సహా చెప్పారు. ఉష్ణోగ్రతను రెండు ముక్కలుగా చీల్చి, ఒక ముక్కను తమకు నచ్చినట్టు ఎంచుకుని, మిగిలినదాన్ని అసమానతలతో అదుపు చేయడం వాళ్ల పద్ధతి. కొన్ని పేజీల్లో అయిపోతుంది, అంత పొడవు లేని నిరూపణ నుంచి అంత గట్టి ఫలితం రావడం నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. 2011లో వైట్‌హెడ్, డోరింగ్ కలిసి, రెండు దిశల ప్రవాహంలో పలకల దగ్గర ద్రవం జారగలిగితే 5/12 కన్నా మించదని చూపించారు, అంటే ఆ పరిస్థితిలో 1/2 ఘాతం అసాధ్యం. మామూలు గట్టి పలకలకు మూడు దిశల్లో ఆ 1/2ను ఎవరూ కిందికి దించలేకపోయారు.

ప్రయోగశాలల్లోనూ గొడవే. 2000లో మన కె.ఆర్. శ్రీనివాసన్ (బెంగళూరు ఐఐఎస్‌సీలో చదివినాయనే) ఉన్న బృందం అతి చల్లటి హీలియంతో రేలీ సంఖ్యను 10 పవర్ 17 దాకా తీసుకెళ్లి, ఘాతం 0.31 దగ్గరుందని చెప్పింది. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ బృందానికి అంతకు ముందే ఇంకా ఏటవాలుగా పెరుగుతున్నట్టు కనిపించింది. కంప్యూటర్ అంత దూరం పోలేదు, ప్రయోగాలు పొసగవు, కాబట్టి నిరూపణ తప్ప దిక్కు లేని చోటు ఇది. దీన్ని టైమ్ వేస్ట్ అంటే నేను ఒప్పుకోను.

ప్రశ్న: సీతాకోకచిలుక బొమ్మతో ఫేమస్ అయిన లోరెంజ్ సమీకరణాలు కూడా ఈ వేడి ద్రవం నుంచే వచ్చాయా? అంటే వాతావరణం చెప్పలేకపోవడానికి కారణం ఇదేనా?
– బీఎస్సీ విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: అవునమ్మా, అక్కడి నుంచే. బూసినెస్క్ సమీకరణాల సాధనను అలలుగా విడగొట్టి, సాల్ట్జ్‌మన్ 1962లో కొన్ని అలలే ఉంచుకుని లెక్క చేశాడు. ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లో ఇంకా కోసి మూడే ఉంచాడు. ద్రవం ఎంత వేగంగా తిరుగుతోంది, ఎక్కే ద్రవానికీ దిగే ద్రవానికీ ఉష్ణోగ్రత తేడా ఎంత, కింద నుంచి పైకి ఉష్ణోగ్రత సరళరేఖ నుంచి ఎంత వంగింది, ఇవే ఆ మూడు. అందులో 28 అని ఒక అంకె ప్రతి పుస్తకంలోనూ కనిపిస్తుంది కదా, అది రేలీ సంఖ్య గడపకు ఎన్ని రెట్లో చెప్పే అంకె. అతని మిగతా అంకెలతో 24.74 దాటితే నిలకడగా తిరిగే ప్రవాహం నిలకడ కోల్పోతుంది.

కానీ మూడు అలలకు కోయడం గడప పక్కనే ఉన్నప్పుడు సబబు. 28 రెట్ల దగ్గర నిజమైన ద్రవం ఈ మూడు సమీకరణాలు చెప్పినట్టు నడవదు, మిగతా అలలన్నీ లేచి కూర్చుంటాయి. కాబట్టి ఆ సీతాకోకచిలుకను వాతావరణం ఫొటోగా చూడొద్దు. చిన్న తేడా ఎంత త్వరగా పెద్దదవుతుందో చూపించే నమూనాగా చూడు, లోరెంజ్ చూపించాలనుకున్నదీ అదే. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట పిడుగులతో వచ్చే క్యుములోనింబస్ మేఘాలు కూడా వేడి నడిపించే కదలికలే. అయితే అవి పది కిలోమీటర్లకు మించి లేస్తాయి, ఆ ఎత్తులో గాలి సాంద్రత సగానికి పైగా పడిపోతుంది కాబట్టి బూసినెస్క్ ఉపాయం అక్కడ పనిచేయదు, ఆవిరి నీరయ్యేటప్పుడు విడుదలయ్యే వేడి ఇంకో తలనొప్పి.

ఇంకొక్క మాట. ఆ సీతాకోకచిలుక బొమ్మ 1963 నుంచీ ఉన్నా, అది కంప్యూటర్ రౌండింగ్ తప్పుల వల్ల వచ్చింది కాదు, నిజంగానే ఉంది అని నిరూపించింది వార్విక్ టకర్, దాదాపు 1999లో. ప్రతి లెక్కలోనూ తప్పు ఎంతవరకు పోగలదో హద్దులు కట్టి మరీ కంప్యూటర్‌తోనే నిరూపించాడు. పుణే ఇంజినీరు గారు ఇది కూడా చదవాలి.

ప్రశ్న: ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేస్తున్నాను, పీడీఈల (పాక్షిక అవకలన సమీకరణాల) మీద రీసెర్చ్ చేయాలని ఉంది. ఈ సబ్జెక్టులో ఇంకా చేయడానికేమైనా మిగిలిందా? ఎక్కడ మొదలుపెట్టాలి? కొంచెం టెన్షన్‌గా ఉంది.
– విద్యార్థి, వరంగల్

జవాబు: బోలెడు మిగిలింది. రెండు దిశల బూసినెస్క్‌నే తీసుకో. జిగట, వేడి విస్తరణ రెండూ ఉంటే సాధన ఎప్పటికీ బాగుంటుందని 1980 నాటికే తెలుసు. ఒకటి తీసేసి ఒకటే ఉంచితే? 2005, 2006ల్లో థామస్ హౌ, కాంగ్‌మింగ్ లీ ఒకవైపు, డాంగ్‌హో చే ఇంకోవైపు, ఒక్కటున్నా చాలని నిరూపించారు. రెండూ తీసేస్తే కథ మారిపోతుంది. అప్పుడా సమీకరణాలు, అక్షం చుట్టూ తిరుగుతూ పారే మూడు దిశల ఆయిలర్ (జిగట లేని) ప్రవాహానికి, అక్షానికి దూరంగా, దాదాపు నకలు. ఉష్ణోగ్రత అక్కడి తిరుగుడు పాత్ర పోషిస్తుంది. 2014లో లువో, హౌ ఒక సిలిండర్ గోడ దగ్గర వేగం పేలిపోతున్నట్టు కంప్యూటర్‌లో చూశారు. 2022లో జియాజియే చెన్, హౌ ఇద్దరూ గోడ ఉన్నప్పుడు, నునుపైన ప్రారంభ స్థితి నుంచే పేలుడు వస్తుందని కంప్యూటర్ సాయంతో చేసిన నిరూపణను బయటపెట్టారు. గోడ లేకుండా, అనంతమైన తలం మీద ఏమవుతుందన్నది ఇంకా తెరిచే ఉంది.

అంత దూరం ఇప్పుడే చూడకు. హోల్డర్, యంగ్, పొయింకారే, గ్రాన్‌వాల్ అసమానతలు నాలుగూ నిద్రలో లేపి అడిగినా రావాలి. తర్వాత సోబొలెవ్ స్పేస్‌లు. తర్వాత పైన చెప్పిన డోరింగ్–కాన్‌స్టాంటిన్ నిరూపణ పెన్సిల్‌తో కూర్చుని చదువు. పీహెచ్‌డీకైతే బెంగళూరులో టీఐఎఫ్‌ఆర్ (టాటా మౌలిక పరిశోధన సంస్థ) వారి సెంటర్ ఫర్ అప్లికబుల్ మ్యాథమెటిక్స్ ఈ తరహా పనికి పేరున్న చోటు, అడ్మిషన్ నోటిఫికేషన్లు గమనిస్తూ ఉండు.

ఈలోగా ఒక లెక్క ఇస్తాను. గట్టి పలకల మధ్య పొర, కదలని స్థితి నుంచి వచ్చే కుదుపు. వేగం సమీకరణాన్ని వేగంతోనూ, ఉష్ణోగ్రత సమీకరణాన్ని ఉష్ణోగ్రత కుదుపుతోనూ గుణించి, మొత్తం పొర మీద సమాకలనం చేసి, సరైన కొలమానాలు పెట్టి కూడు. పీడనం పోతుంది, వంకర (అరేఖీయ) పదాలు పోతాయి, ఒక్క పదం మిగిలి ఇబ్బంది పెడుతుంది, దాన్ని పొయింకారేతో అదుపు చెయ్యి. రేలీ సంఖ్య π నాలుగో ఘాతం కన్నా, అంటే 97 కన్నా తక్కువుంటే ఏ కుదుపైనా చచ్చిపోతుందని వస్తుంది. జోసెఫ్ సంఖ్య 1708 కదా, మరి నీకు 97 ఎందుకొచ్చింది? ద్రవం నలగదు అన్న షరతును పీడనాన్ని పంపేయడానికి వాడావు, చివరి అసమానత దగ్గర వాడలేదు. దాన్ని అక్కడా వాడితే ఏ సమీకరణాలు వస్తాయో రాసి, రేలీవాటితో పోల్చి చూడు. రాసింది మాకు పంపు, తప్పులుంటే దిద్ది పంపుతాం.